ముక్కులో నెత్తురు, మెదడులో చీము

మా అమ్మ తలగడ కింద ఎప్పుడూ పాత నూలు చీర ముక్కలు ఉండేవి. చేతిరుమాలంత కొలతకు చింపి, నాలుగు మడతలు వేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టుకునేది. తెల్లవారుజామున ముక్కు నుంచి రక్తం మొదలైతే చీకట్లోనే చెయ్యి చాచి ఒకటి లాక్కునేది. ఎంత ఉతికినా ఆ గుడ్డల మీద ఇటుక రంగు మరకలు పోయేవి కావు. పెరట్లో తీగ మీద అవి ఆరుతూ ఉంటే మా అక్కాతమ్ముళ్లకు వింతగా అనిపించేది కాదు. అన్ని ఇళ్లలోనూ అంతే కాబోలు అనుకునేవాళ్లం.

"నాది వేడి శరీరం" అనేది అమ్మ. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగేది, మజ్జిగ తాగేది, నడినెత్తిన తడిగుడ్డ వేసుకునేది. వాళ్ల నాన్నకూ అంతే. మా పెద్ద మామయ్యకూ అంతే. "ఆ ఇంటివాళ్లకు ఒంట్లో వేడి ఎక్కువ" అని చుట్టాలందరూ ఒప్పేసుకున్న మాట. తాతయ్య నలభై నాలుగో ఏట పొలం గట్టు మీద పడిపోయారు. పక్షవాతం అన్నారు. అంత చిన్న వయసులో ఎందుకు వచ్చిందని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నాకు తెలుసు. వేడి అనే ఆ ఒక్క మాట మా ఇంట్లో మూడు తరాల పాటు ఒక జన్యువ్యాధిని కప్పి ఉంచింది. ఆ మాట చాటున అది మా తమ్ముడి మెదడు దాకా వెళ్లింది.

తమ్ముడిది మోటార్లు వైండింగ్ చేసే షాపు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ల పొలాల మోటార్లు కాలిపోతే అతని దగ్గరకే వస్తాయి. పదిహేనో ఏట నుంచీ పార్శ్వపునొప్పి ఉండేది. అది తప్ప ఆస్పత్రి ముఖం చూసిన మనిషి కాదు. 2021 మే నెలలో, కోవిడ్ రెండోసారి విరుచుకుపడినప్పుడు, అందరిలాగే మేమూ ఒక ఆక్సీమీటర్ కొన్నాం. ఇంట్లో అందరికీ 97, 98 చూపించింది. తమ్ముడికి 91. జ్వరం లేదు, దగ్గు లేదు. పరీక్ష చేయిస్తే కోవిడ్ లేదని వచ్చింది. గోళ్లకు అంటిన గ్రీజు వల్లేమోనని వేలు సబ్బుతో రుద్ది కడిగి మళ్లీ పెట్టాం. మళ్లీ 91. పడుకుని పెట్టుకుంటే 95కు ఎక్కింది, లేచి కూర్చుంటే దిగిపోయింది. పరికరం పాడైపోయిందని తీర్మానించి సొరుగులో పడేశాం. ఆ సొరుగు తెరిచినప్పుడల్లా ఇప్పటికీ నాకు కడుపులో తిప్పినట్టవుతుంది. ఇంట్లో ఆ రోజు నిజం చెప్పింది ఆ పరికరం ఒక్కటే.

2022లో అతనికి పుచ్చిపోయిన దవడ పన్ను తీయించారు. మూడు వారాలకు తలనొప్పి మొదలైంది. ఇది మామూలు పార్శ్వపునొప్పి కాదని తనే అన్నాడు. నాలుగో రోజున కుడిచేతిలోంచి స్క్రూడ్రైవర్ జారిపోయింది. ఆ రాత్రి ఫిట్స్ వచ్చాయి. అప్పటికి అతనికి 36 ఏళ్లు.

స్కానింగులో మెదడు ఎడమవైపు ఉంగరంలాంటి నీడ కనిపించింది. మన దేశంలో అలాంటి నీడ కనిపిస్తే మొదట తలలో మెదిలేవి క్షయ గడ్డ, లేదంటే బద్దెపురుగు తిత్తి. అది డాక్టర్ల తప్పు కాదు, ఇక్కడ ఎక్కువగా కనిపించేవి అవే. ఎంఆర్‌ఐ తీశాక అది చీముగడ్డ అని తేలింది. పుర్రెకు రంధ్రం చేసి చీము లాగేశారు. పరీక్షకు పంపితే నోట్లో ఉండే రకం బ్యాక్టీరియా పెరిగింది. ఆరు వారాలు నరంలోకి యాంటీబయాటిక్స్ ఎక్కించారు. చీము ఎలా వచ్చిందని వెతికారు కూడా. చెవి చూశారు, సైనస్ చూశారు, గుండెలో రంధ్రం ఉందేమో చూశారు. లేవు. ఛాతీ ఎక్స్‌రేలో కుడివైపు కింది భాగంలో రూపాయి బిళ్లంత గుండ్రటి నీడ ఉంటే, "పాత క్షయ మచ్చ కావచ్చు" అని ఒక వాక్యం రాశారు. డిశ్చార్జ్ కాగితంలో కారణం అన్నచోట "తెలియలేదు" అని ఉంది.

నా పోట్లాట ఆ "తెలియలేదు"తోనే. ఆ ఆస్పత్రిలో మా తమ్ముడిని బతికించారు, ఆ రుణం తీర్చుకోలేనిది. కానీ నోట్లోని బ్యాక్టీరియా మెదడులోకి ఏ దారిన వెళ్లిందో తెలియకుండా మనిషిని ఇంటికి పంపడమంటే, దొంగను పట్టుకుని, వాడు దూరిన కన్నాన్ని అలాగే వదిలేయడం. ఎనిమిది నెలల తర్వాత ఒక ఉదయం అతనికి అరగంటసేపు మాట పడిపోయింది. మళ్లీ తిరిగి వచ్చింది. అది పక్షవాతపు హెచ్చరిక.

ఈసారి చూసిన డాక్టరుగారు వయసులో చిన్నవారు. స్కానింగులన్నీ పక్కన పెట్టి, మేము ఊహించని ప్రశ్న అడిగారు. "మీకు ముక్కు నుంచి రక్తం కారుతూ ఉంటుందా?" మా తమ్ముడు నవ్వాడు. "మా ఇంట్లో అందరికీ కారుతుంది సార్, మాది వేడి శరీరం" అన్నాడు. ఆయన కుర్చీ దగ్గరకు లాక్కుని, తమ్ముడి కింది పెదవిని వేలితో మడిచి చూశారు. గుండుసూది తలంత ఎర్రటి చుక్కలు నాలుగైదు ఉన్నాయి. ఒక చిన్న గాజు పలకతో వాటిని నొక్కితే ఎరుపు పోయి పాలిపోయాయి, తీస్తే మళ్లీ నిండాయి. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, మీ పెదవులు కూడా ఒకసారి చూపిస్తారా?" అన్నారు.

అప్పుడు ఆయన చెప్పిన పేరు హెచ్‌హెచ్‌టీ. వంశపారంపర్యంగా వచ్చే రక్తనాళాల జబ్బు. ఆస్లర్, వెబర్, రాండూ అనే ముగ్గురు వైద్యుల పేర్లతో కూడా దీన్ని పిలుస్తారు. 1896లో రాండూ, 1901లో ఆస్లర్, 1907లో వెబర్ దీన్ని వర్ణించారు. ఊపిరితిత్తిలో ధమనికీ సిరకూ మధ్య నేరుగా ఏర్పడే అడ్డదారిని ఇంగ్లండులో చర్టన్ అనే వైద్యుడు వర్ణించింది 1897లో. ఏడాది తేడాతో ఒకరు ముక్కును చూశారు, ఇంకొకరు ఊపిరితిత్తిని చూశారు. ఈ రెండూ ఒకే కథలోవని తేలడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఊపిరితిత్తుల్లో ఇలాంటి నాళాలు ఉన్నవారిలో నూటికి 80 మందికి పైగా ఈ జబ్బు ఉన్నవాళ్లేనని ఇప్పుడు తెలుసు.

మాది కాలువల ప్రాంతం కాబట్టి నేను ఈ సంగతిని ఇలా అర్థం చేసుకున్నాను. పంటబోదెలో నీళ్లు వస్తాయి, మడుల్లోకి పారతాయి, మడి అంతా తడిసి, ఒండ్రు అక్కడే దిగిపోయి, తేటనీరు మురుగుబోదెలోకి చేరుతుంది. పంటబోదెకూ మురుగుబోదెకూ మధ్య గట్టుకు గండి పడిందనుకోండి. నీరు మడి ముఖం చూడకుండానే, మోసుకొచ్చిన చెత్తాచెదారంతో సహా నేరుగా మురుగుబోదెలో పడుతుంది. మన ఊపిరితిత్తుల్లో మడులంటే కేశనాళికలు. ఒక ఎర్రకణం ఒళ్లు మడుచుకుని పోవలసినంత సన్నని దారులు. ఒళ్లంతా తిరిగి వచ్చిన చెడు రక్తం అక్కడ ప్రాణవాయువు నింపుకుంటుంది. ఇది బడిలోనే చదువుకున్నాం. బడిలో చెప్పనిది ఇంకొకటి ఉంది. ఊపిరితిత్తి ఒక వడపోత గుడ్డ కూడా. కాళ్ల సిరల్లో అప్పుడప్పుడు పుట్టే చిన్న చిన్న నెత్తురు గడ్డలు, పళ్లు తోముకున్నప్పుడు చిగుళ్లలోంచి రక్తంలోకి జారే సూక్ష్మజీవులు అక్కడ చిక్కుకుని అక్కడే కరిగిపోతాయి. మనకు తెలియకుండా ప్రతిరోజూ జరిగే పని ఇది.

గండి పడిన ఊపిరితిత్తిలో ఈ వడపోత ఉండదు. ధమని నేరుగా సిరలో కలుస్తుంది. ప్రాణవాయువు అందుకోని రక్తం అలాగే గుండె ఎడమవైపుకు చేరుతుంది, ఆక్సీమీటర్‌లో 91 కనిపించింది అందుకే. ఈ గండ్లు ఎక్కువగా ఊపిరితిత్తుల కింది భాగంలో ఉంటాయి. కూర్చున్నప్పుడు రక్తం కిందికి ఎక్కువగా దిగుతుంది కాబట్టి అంకె ఇంకా పడిపోతుంది. వడగట్టకుండా దాటిపోయిన చిన్న గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. సూక్ష్మజీవి చేరితే చీముగడ్డ. పిక్క కండరంలో ఆవగింజలో సగం గడ్డ అడ్డుపడినా ఎవరికీ తెలియదు. మెదడులో అదే గడ్డ అడ్డుపడితే మాట పోతుంది, చెయ్యి పోతుంది. పుట్టుకతోనే గుండెలో లోపం ఉండి ఒళ్లు నీలంగా మారే పిల్లలకు మెదడులో చీముగడ్డలు రావడం మన డాక్టర్లందరికీ తెలిసిన సంగతే. సూత్రం అదే, దారి మాత్రం గుండెలో కాకుండా ఊపిరితిత్తిలో ఉంది.

మనుషుల్ని మభ్యపెట్టేది ఇంకొకటి ఉంది. ఇలాంటి నాళాలున్న చాలామందికి ఆయాసం రాదు. ఊపిరితిత్తి బాధ ఏదీ లేని మనిషి ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరకు ఎందుకు వెళతాడు? అతనికి వచ్చేది తలనొప్పి, ఫిట్స్, పక్షవాతం. అవన్నీ మెదడు డాక్టరు గుమ్మం ముందే ఆగుతాయి. ముక్కు రక్తం ఈఎన్‌టీ దగ్గర, రక్తహీనత ఇంకొకరి దగ్గర, పన్ను దంతవైద్యుడి దగ్గర. ఒక్కో గదిలో ఒక్కో ముక్క చొప్పున మా ఇంటి జబ్బు పదిహేనేళ్లు తిరిగింది. గండి చిన్నదైతే ప్రమాదం తక్కువ అనుకోవడానికి కూడా లేదు. నాళం సైజును బట్టి పక్షవాతపు ముప్పు మారదని లండన్ వైద్యుల పరిశీలనల్లో తేలింది.

అదే లండన్ బృందం 2014లో ప్రచురించిన మరో సంగతి చదివినప్పుడు నేను చాలాసేపు కదల్లేకపోయాను. ఇలాంటి నాళాలున్న 497 మందిని పరిశీలిస్తే, రక్తంలో ఇనుము బాగా తక్కువగా ఉన్నవాళ్లకు, సరిపడా ఉన్నవాళ్లతో పోలిస్తే, పక్షవాతం ముప్పు దాదాపు రెట్టింపు ఉంది. ఇనుము తగ్గితే రక్తం గడ్డకట్టించే కణాలు ఇట్టే అతుక్కుంటాయి. ఇప్పుడు దారి మొత్తం చూడండి. ముక్కు నుంచి ఏళ్ల తరబడి రక్తం పోతుంది. దానితో ఇనుము పోతుంది. ఇనుము పోతే గడ్డలు తేలిగ్గా పుడతాయి. గడ్డలను ఆపవలసిన వడపోతకు గండి ఉంది. ఆ గండి అవతల మెదడు ఉంది. ముక్కు రక్తాన్ని "వేడి" అనుకుని వదిలేయడం ఎంత దూరం తీసుకెళ్తుందో నాకు అప్పుడు తెలిసింది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. "ఆడవాళ్లకు మామూలే" అనే మాట కింద ఇంకెన్ని కారణాలు దాక్కుని ఉన్నాయో. మా అమ్మ హిమోగ్లోబిన్ 7 ఉన్నప్పుడు కూడా ఆమె ముక్కు గురించి అడిగినవాళ్లు లేరు. బెల్లం, ఖర్జూరం తినమన్నారు.

తమ్ముడికి చేసిన పరీక్ష నేను కళ్లారా చూశాను. రెండు సిరంజీలను ఒక చిన్న మూడుదారుల కుళాయికి బిగించారు. సెలైన్ నీళ్లలో కాస్త గాలి కలిపి, ఒక సిరంజీలోంచి రెండోదానిలోకి, మళ్లీ వెనక్కు, గబగబా నెట్టారు. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. వాటిని చేతి నరంలోకి ఎక్కిస్తూ గుండె స్కానింగ్ తెర వైపు చూడమన్నారు. గుండె కుడి గదులు ఒక్కసారిగా పొగమంచు కమ్మినట్టు తెల్లబడ్డాయి. మామూలు మనిషికి ఆ బుడగలు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుపోతాయి, ఎడమ గదులు నల్లగానే ఉంటాయి. గుండెలోనే రంధ్రం ఉంటే మూడుసార్లు కొట్టుకునేలోపే బుడగలు ఎడమవైపు కనిపిస్తాయి. ఊపిరితిత్తి చుట్టూ తిరిగి వస్తే కాస్త ఆలస్యమవుతుంది. డాక్టరుగారు పైకే లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో కొట్టుకోవడానికి నల్లటి గదిలోకి తెల్లటి చుక్కలు ఒక్కొక్కటిగా మొదలై, గుంపుగా వచ్చిపడ్డాయి. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఉప్పునీళ్లు, కాస్త గాలి, రెండు సిరంజీలు. ఎనిమిది నెలలు మాకు దొరకని జవాబు అందులో ఉంది.

తర్వాత తీసిన సీటీలో మూడు గండ్లు కనిపించాయి. పెద్దది కుడివైపు కింద ఉంది. ఎక్స్‌రేలో "పాత క్షయ మచ్చ" అని రాసింది దాన్నే. ఆ మచ్చ ఏమిటో చూద్దామని ఎవరైనా సూది గుచ్చి ముక్క తీసి ఉంటే ఏమయ్యేదో తలచుకోవాలంటేనే భయం. అది ముక్క తీయవలసిన గడ్డ కాదు, రక్తం ఉరకలు వేసే సంచి.

వైద్యం కోసం ఛాతీ కోయలేదు. గజ్జల దగ్గర సిరలోంచి సన్నని గొట్టం పైకి పంపి, గుండె కుడివైపు దాటించి, ఊపిరితిత్తి ధమనిలోకి చేర్చి, గండికి రక్తం తెచ్చే నాళాన్ని లోహపు చుట్టలతో మూసేశారు. "మోటారులో మనం చుట్టే కాయిల్ లాంటిదేనా అక్కా?" అని తమ్ముడు ఎంతో శ్రద్ధగా అడిగాడు. మర్నాడు సొరుగులోని ఆక్సీమీటర్ తెచ్చి పెట్టాను. కూర్చున్నా 97 చూపించింది. కొన్నాళ్లకు మూసిన నాళం మళ్లీ తెరుచుకోవచ్చు కాబట్టి ఏడాది లోపు ఒకసారి, తర్వాత కొన్నేళ్లకొకసారి సీటీ తీయించుకోవాలి. పంటి పని చేయించుకునే ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి. సెలైన్ ఎక్కించేటప్పుడు గొట్టంలో గాలి బుడగ లేకుండా చూసుకోవాలి. అంతే. కానీ ఆ కుడిచేతి వేళ్లు పూర్తిగా తిరిగి రాలేదు. సన్నని రాగి తీగ చుట్లు ఇప్పుడు ఎడమచేత్తో వేస్తున్నాడు.

"ఇంత అరుదైన జబ్బు కోసం తలనొప్పి వచ్చిన ప్రతివాడికీ ఈ పరీక్షలన్నీ చేయమంటారా?" అని నన్ను ఒక వైద్య మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఒక్కొక్కరికి పది నిమిషాలైనా దొరకని ఓపీల్లో కూర్చునే డాక్టర్ల మీద ఇంకో బరువు మోపడం నా ఉద్దేశం కాదు. కానీ అరుదు అంటే ఎంత అరుదు? హెచ్‌హెచ్‌టీ సుమారు 5000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8 కోట్ల 45 లక్షల పైమాట. ఆ లెక్కన మన రెండు రాష్ట్రాల్లో దాదాపు పదిహేడు వేల మంది. ఒక మోస్తరు పట్నమంత. వాళ్లలో తమ జబ్బు పేరు తెలిసినవాళ్లు ఎందరు?

నేను అందరికీ పరీక్షలు చేయమనడం లేదు. అడిగేది రెండే. మెదడులో చీముగడ్డ వచ్చి, చెవిలోనూ సైనస్‌లోనూ గుండెలోనూ కారణం దొరకకపోతే, చిన్న వయసులో పక్షవాతం వచ్చి కారణం తెలియకపోతే, ఊపిరితిత్తుల్లో గండి ఉందో లేదో చూడకుండా "తెలియలేదు" అని రాయకండి. దానికంటే ముందు, "మీకు గానీ మీ ఇంట్లోవాళ్లకు గానీ తరచూ ముక్కు నుంచి రక్తం కారుతుందా?" అని అడగండి. ఈ జబ్బున్న నూరుమందిలో తొంభైమందికి పైగా అవునంటారు. జబ్బును గుర్తించడానికి 2000లో నిర్ణయించిన కురసావ్ ప్రమాణాలు కూడా నాలుగే. మాటిమాటికీ ముక్కు రక్తం, పెదవుల మీదా నాలుక మీదా వేళ్ల మీదా ఎర్రటి చుక్కలు, లోపలి అవయవాల్లో ఇలాంటి నాళాలు, తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో బిడ్డల్లోనో ఎవరికైనా ఇదే జబ్బు. మూడుంటే ఖాయం. వీటిలో మూడింటికి ప్రశ్న అడగడం, నోరు తెరిపించి చూడడం చాలు. ఖర్చు మాటకొస్తే, మాకు మెదడు ఆపరేషనుకూ ఆరు వారాల మందులకూ అయినది కాయిళ్లకు అయినదానికంటే ఎక్కువ.

డాక్టర్లను అడిగినంత గట్టిగా నా వాళ్లను అడగడం నాకు కష్టమైంది. ఒకరిలో తేలితే ఇంటిల్లిపాదినీ చూడాలన్నారు. ప్రతి బిడ్డకూ రావడానికి సగానికి సగం అవకాశం ఉంది. మా వీధిలో "మేనరికం చేసుకుంటే ఇలాగే ఉంటుంది" అన్నవాళ్లున్నారు. మా అమ్మానాన్నలది మేనరికం కాదు. అయినా ఈ జబ్బుకు మేనరికంతో పని లేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి ఒక్క జన్యువు వస్తే చాలు. నేను ఒక నోటుపుస్తకంలో తాతయ్య సంతానం అందరి పేర్లూ రాశాను. ఇరవై మూడు. అమ్మకు ఒక గండి కనిపించింది, మూసేశారు. ఇనుము ఎక్కించాక ఆమె ముఖంలో రంగు చూసి మేమే గుర్తుపట్టలేకపోయాం. నాకు రెండు ఉన్నాయి, మూయడానికి వీలులేనంత సన్ననివి. కొన్నేళ్లకొకసారి చూసుకుంటూ ఉండాలి.

పిన్ని మాత్రం తన కూతురికి పరీక్ష చేయించడానికి ఒప్పుకోలేదు. "దాని సంబంధాలు చూస్తున్నాం. ఇలాంటి మాట బయటికి పొక్కితే ఎవరొస్తారు?" అంది. నాకు కోపం రాలేదు. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆడపిల్ల ఒంట్లో జబ్బు ఉందంటే సంబంధం తప్పిపోయే ఊళ్లోనే నేనూ పెరిగాను. కానీ పిన్నికి తెలియనిది ఒకటి ఉంది. గర్భంతో ఉన్నప్పుడు రక్తం పెరుగుతుంది, ఈ నాళాలూ ఉబ్బుతాయి. ఒక్కోసారి చిట్లిపోతాయి. హెచ్‌హెచ్‌టీ ఉన్న స్త్రీల కాన్పులను లెక్కిస్తే, సుమారు నూటికి ఒక గర్భం తల్లి మరణంతో ముగిసింది. జబ్బు ఉందని ముందే తెలిసిన తల్లులు అలాంటి గండం నుంచి బయటపడిన సందర్భాలు ఎక్కువ. దాచి పెళ్లి చేయడమంటే, తెలిసి ఉంటే తప్పించగల గండంలోకి ఆ పిల్లను కళ్లకు గంతలు కట్టి పంపడం. ఈ మాటలు పిన్నితో అనడానికి నాకు రెండు నెలలు పట్టింది. అన్నాక ఆమె ఏమీ మాట్లాడకుండా లేచి లోపలికి వెళ్లిపోయింది.

వారం తర్వాత ఆ పిల్లే ఫోను చేసింది. "అక్కా, నాకూ కారుతుంది. అమ్మకు తెలియకుండా గుడ్డలు దాచుకుంటాను" అంది. తనే వచ్చింది. వెనకే పిన్ని కూడా వచ్చి, గది బయట బల్ల మీద కూర్చుంది. పరీక్ష గదిలో నేను తెర వైపే చూస్తున్నాను. కుడివైపు తెల్లబడింది. మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఎడమ గది నల్లగానే ఉంది. ఎనిమిది దాకా లెక్కపెట్టాను. జబ్బు లేదని కాదు దీని అర్థం. ఇప్పటికి ఊపిరితిత్తుల్లో గండి లేదని. కొన్నేళ్లకు మళ్లీ చూపించుకోవాలి. బయటికొచ్చి చెబితే పిన్ని నా చెయ్యి పట్టుకుని, "మరి నాకు ఎప్పుడు చేస్తారు?" అని అడిగింది.

నోటుపుస్తకంలో ఇంకా పద్నాలుగు పేర్ల పక్కన గుర్తు పడలేదు. వాటిలో అయిదు రాజమండ్రిలో మూడు ఇళ్లలో ఉన్నాయి. ఈ ఆదివారం వెళుతున్నాను. సొరుగులోని ఆక్సీమీటర్ సంచిలో పెట్టుకున్నాను.